ఆట మానిపిస్తే చదువు పెరగదు

పరీక్షలు దగ్గర పడగానే మన ఇళ్లలో మొట్టమొదట ఆగిపోయేది పిల్లల ఆట. "ఆడింది చాలు, పుస్తకం పట్టు" అని గద్దిస్తాం. ఆటకు పోయిన ప్రతి గంటా చదువుకు నష్టమన్నది మన లెక్క. ఏళ్ల తరబడి మాదీ అదే లెక్క. సబఖ్ అప్పజెప్పని పిల్లవాణ్ణి అసర్ తర్వాత ఆటకు వదలకుండా కూర్చోబెట్టిన రోజులు ఎన్నో. వాడు ఊగుతూ ఊగుతూ అదే పాఠం వల్లించేవాడు. మర్నాడు అడిగితే మళ్లీ తడబడేవాడు. తప్పు వాడిది కాదు, మాదేనని ఇప్పుడు ఒప్పుకుంటున్నాము.

మెదడు బరువు శరీరం బరువులో దాదాపు 2 శాతమే. అయినా మనం విశ్రాంతిగా ఉన్నప్పుడు వాడుకునే ప్రాణవాయువులో సుమారు 20 శాతం దానికే కావాలి. చురుగ్గా నడిచినప్పుడు మెదడుకు రక్తప్రసారం పెరుగుతుంది. కదలికలను నడిపే భాగాలు, శరీరం తూలకుండా చూసే చిన్న మెదడు చురుకవుతాయి. విపరీతంగా ఆయాసపడేలా పరుగెత్తితే మాత్రం రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గి మెదడు రక్తనాళాలు కొంత ముడుచుకుంటాయి. పెరిగిన రక్తప్రసారం మళ్లీ తగ్గుతుంది. కాబట్టి రొప్పుతూ వచ్చిన పిల్లవాణ్ణి వెంటనే పాఠం అడగరాదు. కాసేపు సేదతీరనివ్వాలి.

2009లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 20 మంది పిల్లలను 20 నిమిషాలు నడిపించి, గుండె వేగం మామూలుకు వచ్చాక పరీక్షించారు. ఊరికే కూర్చున్న రోజు కంటే నడిచిన రోజున వారి ఏకాగ్రత, చదివింది అర్థం చేసుకునే శక్తి మెరుగ్గా ఉన్నాయి. మెదడు విద్యుత్ తరంగాలలోనూ ఆ తేడా కనిపించింది. 2011లో వెలువడిన మరో పరిశోధనలో 120 మంది వృద్ధులు పాల్గొన్నారు. ఏడాదిపాటు వారానికి 3 రోజులు, రోజుకు 40 నిమిషాల దాకా నడిచినవారిలో జ్ఞాపకశక్తికి కీలకమైన హిప్పోక్యాంపస్ అనే భాగం 2 శాతం పెరిగింది. ఒళ్లు సాగదీసే తేలిక కసరత్తులే చేసినవారిలో అది తగ్గింది.

"మా కాలంలో ఈ ఆటలు లేకుండానే చదువుకోలేదా?" అని పెద్దలు అడగవచ్చు. నిజమే. కానీ ఆ కాలంలో బడికి మైళ్లు నడిచాం, బావిలో నీళ్లు తోడాం. నేటి పిల్లలు ఆటోలో వెళ్లి, బెంచీ మీద కూర్చుని, ఇంటికొచ్చి సెల్‌ఫోన్ పట్టుకుంటున్నారు.

ఆడపిల్లల విషయంలో మనం చేస్తున్నది మరీ అన్యాయం. పదేళ్లు నిండగానే వారి పరుగు ఆగిపోతుంది. చదువులో మాత్రం ముందుండాలని ఆశిస్తాం. పర్దా పాటించే ఇంటికీ డాబానో పెరడో ఉంటుంది. తాడాటకు అంతకన్నా చోటు అక్కరలేదు. ఫజర్ తర్వాత తల్లీకూతుళ్లు కలిసి నడవడానికి అడ్డేమిటి?

5 నుంచి 17 ఏళ్లవారికి రోజుకు సగటున 60 నిమిషాల శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. అంత కుదరకపోతే అరగంటతోనైనా మొదలుపెడదాం. మక్తబ్ నడిపే ఉస్తాదులకు, ఇంట్లో అమ్మీలకు, అబ్బాలకు మా విన్నపం ఒక్కటే. పాఠం రాని పిల్లవాడికి ఆట మానిపించడం శిక్షగా వేయకండి. ముందు బయటికి పంపండి, తర్వాత పాఠం అడగండి.