సన్నని చక్రములు, సొగసైన మడ్గార్డులు

సిద్దిపేటలో ఉపాధ్యాయినిగా నున్న ఒక సోదరి క్రొత్తగా రోడ్డు సైకిలు కొనినది. తెల్లవారుజామున కోమటిచెరువు కట్టవఱకు పోయివచ్చుటయు, పిమ్మట దానిమీదనే బడికి పోవుటయు ఆమె యలవాటు. వానలు మొదలైననాటినుండి వెనుకచక్రము చిమ్మిన బురద నడుమునుండి మెడవఱకు చారవలె పడుచున్నదట; బడిపిల్లలు నవ్వుచున్నారట. మడ్గార్డులు వేయింపుమని భర్త. వేసినచో సైకిలు ముసలిదగునని కొడుకు. అందము చెడకుండ బురద నాపు మడ్గార్డు లెట్టివో తెలుపుమని ఆమె వ్రాసినది.

ఇది సరదా ప్రశ్న యని త్రోసివేయరాదు. జూన్‌నుండి సెప్టెంబరువఱకు మనకు వానలు. ఆ నాలుగు నెలలు బట్టలు పాడగునన్న భయముతో గోడకు చేర్చిన సైకిలు మరల దసరాకు బయటికి వచ్చునన్న నమ్మకము లేదు. ఈలోపల గాలి దిగును, గొలుసు త్రుప్పుపట్టును, "నేనప్పుడే చెప్పితిని" అనువారు చెప్పుచునే యుందురు. మగవాని చొక్కాకు బురద యంటిన నెవరును పట్టించుకొనరు. స్త్రీ చీరకో చున్నీకో యంటినచో ఆమెకు సైకిలేల యని యందురు. 2006 లో బీహారు ప్రభుత్వము ఉన్నతపాఠశాల బాలికలకు సైకిళ్లు కొనుటకు ధనమిచ్చుట మొదలుపెట్టినప్పటినుండి ఇట్టి పథకములు పలు రాష్ట్రములలో వచ్చినవి. ఆ సామాన్యపు సైకిళ్లకు వెడల్పైన ఇనుప మడ్గార్డులును, గొలుసుకు మూతయు పుట్టుకతోనే యుండును. రోడ్డు సైకిలో, పందెపు సైకిలు వంశమునకు చెందినది. బరువు తగ్గుటకై పందెగాండ్రు విడిచిన రేకులను, పందెము లేనివారును ఫ్యాషనుకొఱకు విడిచిరి.

బురద యెట్లు పడునో ముందు గ్రహింపవలెను. తిరుగుచున్న టైరునుండి నీరు దాని అంచునకు స్పర్శరేఖగా నున్న దిక్కునకు తిన్నగా ఎగురును. వెనుకచక్రపు నీరు వీపునకు. ముందుచక్రపు నీరు పాదములకును గొలుసునకును. కొంత పైకెగసి మనము ముందునకు పోవుచుండగా ముఖమునకే తగులును. దుకాణములలో సొగసని చూపు పొట్టి రేకు సీటుక్రింద తోకవలె నిలిచి వీపును మాత్రము కాపాడును. పాదములు తడియుచునే యుండును. కావున ముందు మడ్గార్డు క్రిందికి, పాదముల యెత్తునకు తక్కువగా దిగవలెను. వెనుకది పెడళ్ల ఇరుసు దగ్గఱనే మొదలై చక్రముచుట్టు వంగి వెనుకకు బాగుగా దిగవలెను. నా కన్నుల కీ పొడుగైన వంపే అందముగా తోచును.

కొలతలు చూచుకొనకయే కొనరాదు. టైరు ప్రక్కను 700 × 28 అనో, 700 × 32 అనో అచ్చుపడి యుండును. రెండవ యంకె టైరు వెడల్పు, మిల్లీమీటరులలో. మడ్గార్డు టైరుకంటె ఎనిమిది పది మిల్లీమీటరులైన వెడల్పుగా నుండవలెను; 28 టైరునకు ఇంచుమించు 36, 32 టైరునకు 42. టైరునకును రేకునకును నడుమ వ్రేలు దూరునంత సందు అంతటను సమముగా నుండిన చాలును. ఒకచోట ఇరుకుగాను ఒకచోట వదులుగాను ఉన్న మడ్గార్డు ఎంత ఖరీదైనదైనను కుచ్చిళ్లు జారిన పట్టుచీర వలె కనబడును.

పొరుగుదేశముల పుస్తకములు చెప్పని సంగతి యొకటి మన సిద్దిపేట ప్రాంతమున నున్నది. ఎఱ్ఱచెలక నేలలమీది బురద కడిగిన పోవును, నల్లరేగడి పోదు. రాజీవ్ రహదారిని విడిచి ఊళ్ల త్రోవలు పట్టినచో ట్రాక్టరులు పొలములనుండి తెచ్చి రోడ్డుమీద వదలిన రేగడి టైరునకు పిండివలె అంటి, మడ్గార్డులోపల గట్టిపడి, చక్రము తిరుగనీయదు. అట్టి త్రోవల పోవువారు సందు మఱికొంత పెద్దదిగా ఉంచుకొనవలెను. కోమటిచెరువు కట్టకును, చంద్లాపూరువద్ద రంగనాయకసాగరము కట్టకును పోవువారి కింత చింత లేదు.

కొన్ని రోడ్డు సైకిళ్లకు బ్రేకు టైరునకు ఆనుకొన్నట్లుండి రేకునకు చోటే యుండదు. ఫోర్కు చివరను మడ్గార్డు కడ్డీలకు మరలు బిగించు కన్నములును ఉండవు. అట్టివానికి రబ్బరు పట్టీలతో తగిలించు సన్నని మడ్గార్డులే గతి. ఈ రెంటిని సైకిలు కొనుటకు ముందే చూచుకొనుడు. రంగు తరువాత చూడవచ్చును.

ఇక రంగు. సైకిలు రంగుకు సరిపోవు రేకు కావలెనని వెదకువారు తఱుచుగా ఛాయ తప్పుదురు. అటునిటు కాని ఛాయ రవికెవలె అది కంటికి గ్రుచ్చుకొనును. మెఱుపులేని నలుపు టైరులో కలిసిపోవును. వెండివన్నె చక్రపు అంచుతో కూడిపోవును. ఈ రెండు తప్పవు. సిద్దిపేట గొల్లభామ చీరనే చూడుడు: కుండ మోయు ఆ చిన్నబొమ్మ తనచుట్టు ఖాళీ యుండుటచేతనే శోభించును. పూవుల కాగితములతో రేకంతయు కప్పు దుకాణదారునకు దీనిని చూపవలెను.

అల్యూమినియము రేకు తేలికగాను మెఱుపుగాను ఉండును. జపానులో హోంజో వారి సుత్తిపోటుల నగిషీ మడ్గార్డులు చూచిన మన కంచరుల చెంబులు జ్ఞప్తికి వచ్చును. కాని లాగి బిగించినచో అల్యూమినియము మరలవద్ద చీలును. ప్లాస్టికుది చప్పుడు చేయదు, త్రుప్పుపట్టదు. నిత్యము తిరుగు స్త్రీకి నేనిదే చెప్పుదును. ఇనుపది గట్టిదేకాని బరువు. మడిచిన అంచులో బురద నిలిచి త్రుప్పు అచ్చటనే మొదలగును.

అపాయముల మాటయు చెప్పవలెను. ముందు మడ్గార్డునకును టైరునకును నడుమ పుల్ల చిక్కినచో రేకు ముడుచుకొని చక్రము హఠాత్తుగా ఆగును. నడుపువారు తలక్రిందులుగా పడుదురు. కడ్డీలు బలముగా లాగబడినప్పుడు తామే ఊడివచ్చు పట్టులు ముందుచక్రమునకు దొరకును; అవి యున్నదానినే కొనుడు. రేకు వేయించిన పిమ్మట హేండిలు పూర్తిగా త్రిప్పి, పెడలుమీది పాదపు మునివ్రేళ్లు రేకునకు తగులునేమో చూచుకొనుడు. మఱియు మడ్గార్డు ప్రక్కలను కాపాడదు. పూర్వపు ఆడువారి సైకిళ్లకు వెనుకచక్రముప్రక్క వల యుండెడిది. హాలెండులో నేటికిని చక్రమునకు ప్రక్కమూతలు వేయుదురు. రోడ్డు సైకిలుకు ఇవి సాధారణముగా కుదరవు. చున్నీని వీపుమీదుగా త్రిప్పి నడుమున ముడివేయక సైకి లెక్కవలదు.

బిగించినపిమ్మట వాకిట నీళ్లు పోయించి, దానిమీద రెండుమూడుమార్లు పోయి, వెనుక నిలిచినవారిని చూడుమనుడు. పాదములింకను తడిసినచో క్రొత్త మడ్గార్డు కొనవలసిన పనిలేదు. చెప్పులు కుట్టువానిచేత పాతతోలు ముక్కయో, సైకిలు బాగుచేయువానివద్ద పాత ట్యూబు ముక్కయో నాలుగు వ్రేళ్ల వెడల్పున కోయించి ముందు రేకు చివర రెండు చిన్న మరలతో తగిలించుడు. అది నేలకు జానెడెత్తున వ్రేలాడిన చాలును.