టీకా వద్దంటే ఉద్యోగం పోవాలా?

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ గ్రౌండ్లలో తెల్లారకముందే అగ్నివీర్ రన్నింగ్ ప్రాక్టీస్ చేసే ఫ్రెండ్స్ ఈ విషయం తెలుసుకోవాలి. 2021లో కొవిడ్ టీకా వద్దన్న తొమ్మిది మంది వాయుసేన సిబ్బందికి షోకాజ్ నోటీసులు వెళ్లాయి. జవాబివ్వని ఒకరిని తొలగించామని కేంద్రం గుజరాత్ హైకోర్టుకు చెప్పింది. అమెరికా సైన్యంలోనైతే ఇలా 8,000 మందికి పైగా ఉద్యోగం పోయింది. 2023 జనవరిలో అక్కడ ఆ నిబంధన ఎత్తేశారు. కోరుకున్నవాళ్లను పాత ర్యాంకుతో, జీతం బకాయిలతో సహా మళ్లీ తీసుకోవాలని 2025 జనవరిలో ట్రంప్ ఆదేశించారు.

ఇది కరెక్టేనా? తిరిగి తీసుకోవడం వరకు కరెక్టే. నిబంధనే పోయాక శిక్ష జీవితాంతం ఎందుకు? పూర్తి బకాయిలంటే మాత్రం ఆలోచించాలి. ఇష్టం లేకున్నా ఆదేశం పాటించి డ్యూటీ చేసినవాళ్లకు ఏం చెబుతాం? బ్యారక్‌లో ఒకరికొచ్చిన జ్వరం పక్క మంచానికీ పాకుతుంది కదా!

టీకా బలవంతంగా వేయకూడదని 2022 మే 2న మన సుప్రీంకోర్టు చెప్పింది. ప్రజారోగ్యం కోసం సహేతుకమైన ఆంక్షలు పెట్టొచ్చనీ అంది.

అందుకే యూనిఫాం వేసుకునే ముందు సర్వీసు రూల్స్ చదవండి. అభ్యంతరం ఉంటే రాసివ్వండి. నోటీసొస్తే గడువులోగా జవాబివ్వండి. ఆ తొమ్మిది మందిలో అప్పటికి ఉద్యోగం పోయింది జవాబివ్వని ఒక్కరికే.