రోబో ఎక్కనన్న పిల్లాడి తరఫున

ముందే చెప్పేస్తున్నా, ఇందులో ఎవాంజెలియన్ ముగింపులన్నీ విప్పేస్తాను. చూడనివాళ్ళు చూసొచ్చి చదవండి. నేనెక్కడికీ పోను.

పోయిన నెల మా టీములో ఒక కుర్రాడు రాజీనామా చేశాడు. చేతిలో వేరే ఆఫరేం లేదు. వరసగా మూడు వీకెండ్లు రిలీజులు, దాని మీద నైట్ సపోర్టు. "ఇంక నావల్ల కాదు సార్" అని మేనేజరుకి చెప్పి ఊరెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం మా గ్రూపులో ఎవరో షింజీ బొమ్మ పెట్టారు, కింద "ఎక్కరా రోబో" అన్న పాత జోకు. అందరూ నవ్వారు. నేనూ ఒక నవ్వు బొమ్మ పడేశాను. పడుకున్నాక సిగ్గేసింది. ఆ సిగ్గులోంచి వచ్చిందే ఇదంతా.

తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో కథ. 1995 అక్టోబరు నుంచి 1996 మార్చి దాకా టీవీ టోక్యోలో 26 ఎపిసోడ్లుగా వచ్చింది. దర్శకుడు హిడెయాకి అన్నో. పద్నాలుగేళ్ళ షింజీని ఏళ్ళ తరబడి పట్టించుకోని తండ్రి గెండో ఒకరోజు కబురు పెడతాడు. చూడాలనిపించి కాదు, ఎవా అనే రాక్షసి యంత్రం ఎక్కి ఏంజెల్ అనే వింత జీవితో కొట్లాడమని. ఎక్కకపోతే వెళ్ళిపొమ్మంటాడు. పిల్లాడు కాదనేసరికి ఒళ్ళంతా కట్లున్న ఒక అమ్మాయిని స్ట్రెచర్ మీద తోసుకొస్తారు, నువ్వు కాకపోతే ఈమె అన్నట్టు. అది చూసి ఎక్కుతాడు. దీన్ని వీరత్వం అనేవాళ్ళున్నారు. మా ఊళ్ళో దీన్ని బ్లాక్‌మెయిల్ అంటారు.

ఇప్పుడు ముగింపుల సంగతికి వద్దాం. అసలు గొడవంతా అక్కడే.

మొదటి ఆరోపణ: "25, 26 ఎపిసోడ్లు చెత్త. టైమైపోయి ఏదో చుట్టేశారు." టైము చాలకపోవడం నిజమే, ఎవరూ కాదనరు. 24వ ఎపిసోడ్లోనే బీథోవెన్ తొమ్మిదో సింఫనీ పెట్టి దాదాపు నిమిషం సేపు ఒకే బొమ్మ నిలబెట్టారు. చివరి రెండింట్లో స్కెచ్చులు, స్టిల్ ఫొటోలు, తెర మీద అక్షరాలు. ఒక్క ఫైటు లేదు. ఒప్పుకుంటాను. కానీ ఆ కాస్తలో ఏం చెప్పాడో వినే ఓపిక ఎవరికుంది? షింజీని కుర్చీలో కూర్చోబెట్టి ఎందుకు ఎక్కుతున్నావని అడుగుతూనే ఉంటారు. ఎక్కితే అందరూ మెచ్చుకుంటారు, ఎక్కకపోతే నేనెవరికీ అక్కర్లేదు, చుట్టూ తిరిగి వాడి దగ్గరున్న జవాబు ఇంతే. ఆ తర్వాత 26లో ఎవాలే లేని ఒక మామూలు ఉదయం చూపిస్తారు. బడికి లేటవుతోందని పరిగెత్తే షింజీ. పైలట్ కాని షింజీ కూడా ఉండొచ్చని వాడికి మొదటిసారి తడుతుంది. అందరూ చప్పట్లు కొడతారు. సీరియల్ అయిపోయింది.

దీన్ని పట్టుకుని "కథేదీ?" అంటారు. అయ్యా, పెళ్ళిలో ఎవరైనా మీరెవరని అడిగితే పేరుకంటే ముందు కంపెనీ పేరు చెప్పే జాతి మనది. ఎంసెట్ ర్యాంకుతో మొదలుపెట్టి అప్రైజల్ రేటింగు దాకా ఎవరో వేసిన నంబరే మనం. మనకి ఈ ముగింపులో కథ కనపడలేదంటే లోపం 26వ ఎపిసోడ్‌ది కాదు.

అభిమానులు మండిపడ్డారు. 1997 జులైలో 'ది ఎండ్ ఆఫ్ ఎవాంజెలియన్' సినిమా వచ్చింది. కావాల్సినంత యుద్ధం, కావాల్సినంత రక్తం. కానీ గమనించారా, అందులో షింజీ యుద్ధమే చెయ్యడు. మిసాతో బతిమాలి, తిట్టి, లాక్కెళ్ళి లిఫ్టులో తోస్తుంది. వాడు ఎక్కేసరికి ఆస్కా పోరాటం ముగిసిపోయింది. మనుషులంతా కరిగి ఒకే ముద్దయిపోయాక కూడా, నొప్పి ఉన్నా సరే వేరువేరు మనుషులున్న లోకమే కావాలంటాడు. మధ్యలో అన్నో కెమెరాని తిప్పి నిజం సినిమా హాల్లో కూర్చున్న జనాన్ని చూపిస్తాడు. పిల్లాణ్ణి మళ్ళీ రోబో ఎక్కించమని గోల చేసిందెవరో చూసుకోండి అన్నట్టు. నాకైతే అలాగే అర్థమైంది.

రెండో ఆరోపణ మన ఐటీవాళ్ళ ప్రత్యేకం: "2021 సినిమా ఫైనల్ రిలీజు, పాతవన్నీ బగ్గులున్న వెర్షన్లు, వదిలెయ్." పేరులోనే 3.0+1.0 అని ఉంటే మనవాళ్ళు ఊరుకుంటారా :) కానీ ఇది ప్యాచ్ కాదు. 1996లో చెప్పిందే 2021లో చెప్పాడు. కాకపోతే అప్పుడు అరిచి చెప్పాడు, ఇప్పుడు పక్కన కూర్చుని చెప్పాడు.

ఆ మధ్యలో ఏం జరిగిందో తెలుసుగా. కొత్త సినిమాలు 2007, 2009, 2012లో వచ్చాయి. మూడోదాని తర్వాత తాను డిప్రెషన్‌లో పడిపోయానని 2015లో అన్నోయే బయటికి చెప్పాడు. ఎవా పక్కన పెట్టి 2016లో గాడ్జిల్లా సినిమా తీశాడు. నాలుగోది రావడానికి తొమ్మిదేళ్ళు పట్టింది. "ఎక్కరా రోబో" అని జనం ఆయన్నీ అన్నారు. దిగాడు కాబట్టే మళ్ళీ రాగలిగాడని నా నమ్మకం.

155 నిమిషాల ఆ సినిమాలో నాకు నచ్చింది ఫైట్లు కాదు, ఊరు. ప్రళయం తర్వాత మిగిలినవాళ్ళు కట్టుకున్న పల్లె. రేయ్‌లాగే ఉండే అమ్మాయి బురదలో దిగి వరి నాట్లు వేస్తుంది, పడుతుంది, పెద్దాడవాళ్ళు నవ్వుతూ లేపుతారు. అది చూస్తుంటే మా అమ్మమ్మ చేలో మోకాళ్ళ దాకా కూరుకుపోయిన నా చిన్నతనం గుర్తొచ్చింది. షింజీ మాత్రం శిథిలాల మధ్య నీళ్ళ ఒడ్డున మాటా పలుకూ లేకుండా కూర్చుంటాడు. కెన్సుకే వాణ్ణి కదిలించడు. ఆస్కా తిడుతుంది, నోట్లో తిండి కుక్కుతుంది, కానీ ఆమె కూడా రోబో ఎక్కమనదు. లే, పనుంది అని ఎవరూ అనరు. వాడంతట వాడే లేస్తాడు.

"అందరూ దిగిపోతే ప్రొడక్షన్ ఎవడు చూస్తాడు?" అని మా లీడు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. జవాబు సినిమాలోనే ఉంది: షింజీ మళ్ళీ ఎక్కుతాడు. ఎవరూ తోయకుండా, తిని, ఏడ్చి, కోలుకున్నాక ఎక్కుతాడు. ఇంకెవరూ ఎక్కాల్సిన అవసరం లేకుండా చెయ్యడానికి ఎక్కుతాడు. అప్పుడు ఓడ మీదవాళ్ళే వాడి మీద తుపాకీ గురిపెడితే, వీడు చేసినదానికి బాధ్యత నాదని మిసాతో అడ్డం నిలబడి గుండు తన ఒంటి మీద తీసుకుంటుంది. ఎస్కలేషన్ మెయిల్లో కిందివాడి పేరు ముందు రాసే మేనేజర్లకి ఈ ఒక్క సీనూ ట్రైనింగులో వెయ్యాలి.

లోపాలు లేవని కాదు. ఈటెల గురించి, తలుపుల గురించి వాళ్ళు చెప్పుకునేదాంట్లో సగం నాకిప్పటికీ అర్థం కాలేదు. చివర్లో మారి చెయ్యి పట్టుకోవడం హఠాత్తుగానే ఉంది. కానీ తండ్రీకొడుకులు కొట్టుకోవడం ఆపి మాట్లాడుకునే చోట నాకవన్నీ గుర్తు రాలేదు. కొడుకంటే భయపడ్డానని గెండో ఒప్పుకుంటాడు. ఇరవై ఆరు ఎపిసోడ్లు, ఇన్ని సినిమాలు, ఇదొక్కటి చెప్పడానికి ఆ పెద్దమనిషికి పట్టిన టైమది. మన ఇళ్ళల్లో అంత కూడా చెప్పుకోం.

ఎవాలు లేని లోకంలో, పెద్దవాడైన షింజీ ఒక రైల్వే స్టేషన్ మెట్లెక్కి బయటికి పరిగెత్తడంతో సినిమా అయిపోతుంది. ఆ ఊరు ఉబె, అన్నో సొంతూరు.

నిన్న ఆ కుర్రాడికి ఫోన్ చేశాను. పది రోజులు నిద్రపోయానన్నా, ఇప్పుడు నాన్నతో పొలం వెళ్తున్నా అన్నాడు. మళ్ళీ ఎప్పుడొస్తావని నోటి దాకా వచ్చింది. అడగలేదు.