కానుకలతో తీరని బాధ్యత: సూరత్ అనుభవం

సూరత్: దీపావళికి ఉద్యోగులకు కార్లు, ఇళ్లు కానుకగా ఇచ్చే వజ్రాల వ్యాపారుల నగరంగా సూరత్ గత దశాబ్దంలో దేశమంతటా ప్రసిద్ధికెక్కింది. అదే నగరంలో 2024 జులైలో వజ్రాల కార్మికుల సంఘం ఆత్మహత్యల నివారణకు టెలిఫోన్ సహాయ కేంద్రాన్ని ప్రారంభించవలసి వచ్చింది. అంతకుముందు 16 నెలల కాలంలో 60 మందికి పైగా కార్మికులు ప్రాణాలు తీసుకున్నారని సంఘం నాయకులు ప్రకటించారు. ఈ రెండు వార్తలూ ఒకే ఊరివి, ఒకే పరిశ్రమవి. కింద పనిచేసేవారి కష్టాన్ని పైవారు నిజంగా గుర్తించారని చెప్పడానికి గీటురాయి ఏది అన్న ప్రశ్న ఇక్కడే ఉత్పన్నమవుతున్నది. ఇందుకు సమాధానం కూడా ఈ నగర చరిత్రలోనే లభిస్తుండడం గమనార్హం.

కార్లు ఎందరికి?

హరికృష్ణ ఎక్స్‌పోర్ట్స్ అధినేత సావ్‌జీ ఢోలాకియా 2014 దీపావళికి 491 కార్లు, సుమారు 200 ఇళ్లు తమ ఉద్యోగులకు బహూకరించారు. 2016లో 1,260 కార్లు, 400 ఇళ్లు ఇస్తున్నట్లు ప్రకటించారు. 2018లో మరో 600 కార్లు ఇచ్చారు. లాభంలో పనివారికి వాటా ఉండాలన్న ఆయన ఔదార్యాన్ని శంకించనవసరం లేదు. అయితే పనితీరును బట్టి ఎంపికైనవారికి లభించిన ప్రతిఫలమది. ప్రపంచంలో సానపట్టే ప్రతి పది వజ్రాలలో తొమ్మిది సూరత్‌లోనే తయారవుతాయని అంచనా. ఈ పనిపై ఆధారపడిన లక్షలాది మందిలో అధిక సంఖ్యాకులు చిన్న కార్ఖానాలలో రాయికి ఇంత అన్న లెక్కన కూలి తీసుకునేవారు. వీరిలో చాలామందికి నియామక పత్రం గాని, భవిష్య నిధి గాని లేవు. ఆర్డర్లు తగ్గినప్పుడు వీరిని పనిలో నుంచి తొలగించనవసరం కూడా లేదు. పని గంటలు తగ్గిస్తే చాలు, ఆదాయం దానంతటదే పడిపోతుంది.

నెల రోజుల అజ్ఞాతవాసం

కష్టం విలువ తెలియనిదే యాజమాన్యం చేతికి రాకూడదన్నది ఢోలాకియా కుటుంబం పాటిస్తున్న నియమం. అమెరికాలో చదువుకుంటున్న కుమారుడు ద్రవ్యను సావ్‌జీ 2016లో మూడు జతల బట్టలు, 7 వేల రూపాయలు ఇచ్చి కొచ్చి పంపారు. తండ్రి పేరు చెప్పుకోరాదని, ఒకే చోట వారం రోజులకు మించి పనిచేయరాదని షరతు విధించారు. మరుసటి సంవత్సరం ఆయన సోదరుని కుమారుడు హితార్థ్ 500 రూపాయలతో హైదరాబాద్ చేరుకుని, హోటల్‌లోనూ దుకాణాలలోనూ చిరుద్యోగాలు చేస్తూ నెల రోజులు గడిపారు.

రేపటి భోజనం ఎక్కడన్న బెంగ ఎటువంటిదో స్వయంగా తెలుసుకోవడం యజమానికి మంచి విద్యయే. అయితే అజ్ఞాతవాసానికి గడువు ఉంటుంది. ఫలానా తేదీన ఇంటికి తిరిగి వెళతానని వారసునికి తెలుసు. పని ఆగిపోయిన కార్మికునికి ఆ తేదీ తెలియదు. కనుక ఇటువంటి అనుభవం సహానుభూతికి తొలి మెట్టు మాత్రమే. దానిని నిత్యకృత్యంగా మార్చుకున్నప్పుడే ఫలితం కార్మికుని వరకు చేరుతుంది.

‘ఏసీ’ నుంచి ‘డీసీ’కి

అటువంటి నిత్యకృత్యాన్ని సూరత్ నగరపాలక సంస్థలో ప్రవేశపెట్టినవారు ఎస్.ఆర్. రావుగా ప్రసిద్ధులైన ఐ.ఎ.ఎస్. అధికారి సూర్యదేవర రామచంద్రరావు. 1994 సెప్టెంబరులో ప్రబలిన ప్లేగుకు భయపడి లక్షలాది మంది సూరత్ విడిచి పోయిన సంగతి విదితమే. 1995 మే నెలలో రావు కమిషనర్‌గా బాధ్యతలు స్వీకరించేనాటికి నగరపాలక సంస్థపై ప్రజలకు గాని, తమపై తమకు సిబ్బందికి గాని విశ్వాసం లేదు. నగరాన్ని ఆరు మండలాలుగా విభజించి, ఒక్కొక్క మండలాధికారికి తనతో సమానమైన అధికారాలను రావు అప్పగించారు. అధికారులందరూ ప్రతి ఉదయం వీధుల్లోనే ఉండాలని, మధ్యాహ్నం సమావేశమై చూసిన సమస్యలకు అక్కడికక్కడే పరిష్కారం నిర్ణయించాలని ఆదేశించారు. ఎయిర్ కండిషన్ గదులు విడిచి ‘డైలీ చోర్స్’కు, అనగా రోజువారీ పనులకు దిగాలన్న ఈ విధానం ‘ఏసీ నుంచి డీసీకి’ అన్న పేరుతో ప్రాచుర్యం పొందింది.

చెత్తబండి సమయానికి రాకపోవడం, చేతికి పనిముట్టు అందకపోవడం కార్మికుని నిర్లక్ష్యం కాదన్న విషయం వీధిలో నిలబడిన అధికారికి కంటికి కనిపిస్తుంది. ఫైలులో అది కనిపించదు. ఈ విధానంలోని సహానుభూతి అంతా ఆ తేడాలోనే ఉన్నది. అయితే దానిని మెతకదనంగా భావించరాదు. పలుకుబడి కలవారి అక్రమ కట్టడాలతోనే రావు కూల్చివేతలు ప్రారంభించారు. శుభ్రత పాటించని హోటళ్లకు జరిమానాలు విధించారు. రెండేళ్లు తిరగకుండానే ఇంటాక్ సంస్థ సూరత్‌ను చండీగఢ్ తరువాత దేశంలో అత్యంత పరిశుభ్రమైన నగరంగా పేర్కొన్నది. రావు 1997లో బదిలీపై వెళ్లారు. 1998లో కేంద్రం ఆయనకు పద్మశ్రీ ప్రకటించింది. వ్యక్తి వెళ్లిపోయినా పద్ధతి నిలిచింది. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇందోర్‌తో కలిసి సూరత్ ప్రథమ స్థానం పొందడమే ఇందుకు నిదర్శనం.

మందగమనమే పరీక్ష

వజ్రాల పరిశ్రమకు ప్రస్తుతం కావలసినది ఇటువంటి పద్ధతియే. ఉక్రెయిన్ యుద్ధం దరిమిలా రష్యా వజ్రాలపై ఆంక్షలు, అమెరికా, చైనాలలో గిరాకీ క్షీణించడం, ప్రయోగశాలల్లో తయారయ్యే చవక వజ్రాల పోటీ, 2025 ఆగస్టులో అమెరికా సుంకాన్ని 50 శాతానికి పెంచడం ఒకదాని వెంట ఒకటిగా పరిశ్రమను దెబ్బతీశాయి. 2024 ఆగస్టులో కిరణ్ జెమ్స్ సంస్థ 50 వేల మంది కార్మికులకు పది రోజుల సెలవు ప్రకటించింది. కొంత మొత్తం మినహాయించుకుని ఆ రోజులకు జీతం చెల్లిస్తామని కూడా తెలిపింది. ఇది కార్ల కానుక వలె సంచలనం కలిగించే వార్త కాదు. కాని నష్టాన్ని ఒక్క కార్మికుని నెత్తిన వేయకుండా పంచుకునే ప్రయత్నం ఇందులో కనిపిస్తుంది. గుజరాత్ ప్రభుత్వం 2025 మే నెలలో ఉపాధి కోల్పోయిన వజ్రాల కార్మికుల పిల్లలకు ఏడాదికి 13,500 రూపాయల వరకు పాఠశాల ఫీజు భరిస్తామని ప్రకటించింది. అయితే నియామక పత్రం లేని కార్మికునికి తాను ఉపాధి కోల్పోయానని రుజువు చేసుకోవడమే ఒక సమస్య.

2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన కార్మిక స్మృతులు ప్రతి కార్మికునికీ నియామక పత్రం ఇవ్వాలని నిర్దేశిస్తున్నాయి. చిన్న కార్ఖానాలలో ఇది ఎంతవరకు అమలు జరుగుతుందన్న దానిపైనే కార్మికుల భద్రత ఆధారపడి ఉన్నది.

ఈ వ్యవహారం తెలుగువారికి దూరమైనది కాదు. వరంగల్, కరీంనగర్ ప్రాంతాల నుంచి వలస వెళ్లిన నేత కార్మిక కుటుంబాలు సూరత్ మరమగ్గాలపై తరాలుగా ఆధారపడి ఉన్నాయి. వారిని స్వస్థలాలకు రప్పించాలన్న ఆశయంతోనే 2017 అక్టోబరులో వరంగల్ వద్ద కాకతీయ మెగా జౌళి పార్కుకు శంకుస్థాపన జరిగింది. మగ్గమైనా, వజ్రాల సానమైనా, యజమాని నుంచి కార్మికుడు ఆశించేది ఒక్కటే: పని తగ్గబోతున్నదన్న సంగతి తనకు ముందుగా తెలియాలి, మిగిలిన పనిలో తనకూ వాటా దక్కాలి. అందుకు అవసరమైనది యజమాని ప్రతి ఉదయం కార్ఖానాలోకి నడిచి వెళ్లి చూడడం, చూసినదానిని కాగితంపై నియమంగా మార్చడం. మూడు దశాబ్దాల కిందట ఒక మునిసిపల్ కార్యాలయానికి సాధ్యమైనది లాభాలు ఆర్జించిన పరిశ్రమకు అసాధ్యం కారాదు.