చూసీ చూడనట్టు

పిల్లలూ, బాగా పేరున్న మనిషి వీధిలో కనిపిస్తే జనం ఏం చేస్తారు? చుట్టూ మూగుతారు, సంతకం చేయమని కాగితాలు చాస్తారు, ఈ రోజుల్లో అయితే పక్కన నిలబడి ఫొటో కూడా తీసుకుంటారు. చాలా దేశాలలో ఇంతే. కాని యూరప్ ఖండానికి ఉత్తరాన ఉన్న స్వీడన్ దేశంలో పద్ధతి కొంత వేరు. అక్కడ పేరుమోసిన నటుడో, ఆటగాడో రైలెక్కితే, ఎదుట కూర్చున్నవాళ్లు గుర్తుపట్టి కూడా ఊరుకుంటారు. పలకరించేవారు అసలే ఉండరని కాదు. కాని ముక్కూ మొహం తెలియని మనిషి మీద పడటం అక్కడ మర్యాద అనిపించుకోదు.

ఈ మర్యాద ఎంతవరకు వెళ్లిందో చూడండి. బాల్టిక్ సముద్రంలో ఫోరో అనే చిన్న ద్వీపం ఉన్నది. ఇంగ్మార్ బెర్గ్‌మన్ అనే సినిమా దర్శకుడు 1960లో ఒక చిత్రం తీయటానికి అక్కడికి వెళ్లాడు. ఆ చోటు నచ్చి, కొన్నేళ్లకు అక్కడే ఇల్లు కట్టుకున్నాడు. 2007లో ఆ ఇంట్లోనే కన్నుమూశాడు. ఆయన పేరు ప్రపంచమంతా తెలుసు. దూరదేశాల అభిమానులు ఆ ద్వీపానికి వచ్చి, ఆయన ఇల్లెక్కడో చెప్పమని అడిగేవారు. ద్వీపవాసులు మాత్రం దారి చెప్పేవారు కారు. ఆయన వాళ్లకు పొరుగువాడు. పొరుగువాడి ప్రశాంతతను వాళ్లే కాపాడారు.

పెద్దా చిన్నా తేడా చూపకపోవటం వాళ్ల మాటలో కూడా కనిపిస్తుంది. పూర్వం స్వీడన్‌లో ఎదుట ఉన్న డాక్టరునే, “డాక్టరుగారు కాఫీ తాగుతారా?” అని, ఎవరినో అడిగినట్టు హోదాతో పిలవవలసి వచ్చేది. 1967లో ఆరోగ్యశాఖ అధిపతి బ్రోర్ రెక్సెడ్, తన ఉద్యోగులందరినీ “నువ్వు” అనే పిలుస్తానన్నాడు. అప్పటికే మొదలైన ఆ అలవాటు త్వరలోనే దేశమంతా పాకింది. ఈనాడు అక్కడి బడిపిల్లలు పంతులుగారిని కూడా “నువ్వు” అంటారు. రాజకుటుంబం ఒక్కటే దీనికి మినహాయింపు.

ఇందులో చెడుగు లేకపోలేదు. డెన్మార్కులో పుట్టి నార్వేలో స్థిరపడిన ఆక్సెల్ సాండెమూసె అనే రచయిత, 1933లో ఒక నవలలో యాంటె అనే కల్పిత ఊరిని గురించి రాశాడు. తాను ఇతరులకన్న గొప్ప అని ఎవరూ అనుకోరాదన్నది ఆ ఊరి కట్టుబాట్ల సారాంశం. అటువంటి ఊళ్లో మనిషి ఎదగలేడని ఎత్తిపొడవటానికే ఆయన వాటిని రాశాడు. స్వీడన్ వాసులు తమ స్వభావాన్ని గురించి చెప్పుకునేటప్పుడు ఈనాటికీ “యాంటె శాసనం” అంటూ ఉంటారు.

ఏమైనా, ఈ పద్ధతివల్ల పేరున్నవాళ్లకు కూడా మామూలు బతుకు దక్కుతుంది. అయితే ఒకసారి అందులో ఘోరం జరిగింది. 1986 ఫిబ్రవరి 28న ప్రధానమంత్రి ఊలోఫ్ పాల్మె అంగరక్షకులను పంపివేసి, భార్య లిస్బెత్‌తో కలిసి స్టాక్‌హోమ్ నగరంలో సినిమాకు వెళ్లాడు. ఇద్దరూ అందరిలాగే భూగర్భ రైలు ఎక్కి వెళ్లారు. ఆట వదిలాక రాత్రివేళ నడిచి వస్తూ ఉండగా, ఒక హంతకుడు వెనకనుంచి తుపాకితో కాల్చి పాల్మెను చంపాడు. అటు తరవాత ప్రధానమంత్రి వెంట ఎప్పుడూ రక్షకులు ఉండటం మొదలయింది. 2003లో విదేశాంగ మంత్రి అన్నా లింద్ కూడా, రక్షకులు లేకుండా దుకాణంలో తిరుగుతూ కత్తిపోట్లకు గురై మరణించింది.

మరి జనానికి తమ ప్రధాని పట్ల అభిమానం లేదా? పాల్మె పడిపోయిన చోటికి వేలమంది వచ్చి గులాబీలు ఉంచారు. ఆ కాలిబాట పూలగుట్ట అయిపోయింది. ఆయన దారిన ఆయనను పోనిచ్చిన మనుషులే వాళ్లు. చూడనట్టు ఉండటం వేరు, పట్టించుకోకపోవటం వేరు.