ట్యాబ్ కొనే ముందు ల్యాంప్ రూమ్‌ను గుర్తు చేసుకోండి



దసరా ముందు సింగరేణి లాభాల వాటా, దీపావళికి బోనస్ వచ్చే రోజుల్లో గోదావరిఖని చౌరస్తాలో, లక్ష్మీనగర్ దుకాణాల్లో రద్దీ ఎలా ఉంటుందో మీకు తెలియనిది కాదు. 2024లో ఆ వాటా 33 శాతం. చేతికి డబ్బు అందిన ఆ వారంలోనే టీచర్లను చాలామంది తల్లిదండ్రులు అడిగే ప్రశ్న ఒకటుంది. "సార్, పిల్లకు ఒక మంచి ట్యాబ్ చెప్పండి. బరువు లేకుండా, చేతిలో తేలిగ్గా ఉండాలి."

ఏ కంపెనీ మంచిదో చెప్పడం సులభం. దుకాణంలో సేల్స్‌మన్ కూడా అదే చెప్తాడు. కానీ ఆ ట్యాబ్ మీ ఇంట్లో ఏ పని చేయాలన్నది అతనికి తెలియదు. అది మీరే తేల్చుకోవాలి. ఆ పని తేలకుండా కొన్న ట్యాబ్ ఎంత తేలికైనదైనా ఇంటికి బరువే అవుతుందని నా అభిప్రాయం. ఎందుకో చెప్తాను.

బ్యాగులో బరువు నిజంగా తగ్గుతుందా?

పిల్లల బ్యాగు బరువుపై తెలంగాణ ప్రభుత్వం 2017లో ఉత్తర్వు ఇచ్చింది. ఒకటి, రెండు తరగతులకు 1.5 కిలోలు, మూడు నుంచి ఐదు వరకు 2 నుంచి 3 కిలోలు, ఆరు, ఏడు తరగతులకు 4 కిలోలు, ఎనిమిది, తొమ్మిదికి 4.5 కిలోలు, పదో తరగతికి 5 కిలోలు. అంతకు మించకూడదు. 2020లో కేంద్రం తెచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీ ఇంకో లెక్క చెప్పింది. బ్యాగు బరువు పిల్లల శరీర బరువులో పదో వంతు దాటకూడదు. అంటే 30 కిలోలున్న పాపకు 3 కిలోల బ్యాగు.

ఇప్పుడు ట్యాబ్ లెక్క చూద్దాం. ఎనిమిదిన్నర అంగుళాలకు కాస్త పెద్ద తెర ఉన్న మామూలు ట్యాబ్ సుమారు 370 గ్రాములు తూగుతుంది. కింద పడినా పగలకుండా మందపాటి కవర్ వేస్తాం. చార్జర్ కూడా బ్యాగులో పడేస్తాం. అంతా కలిపితే అర కిలో దాటుతుంది. బ్యాగులోంచి ఒక్క పుస్తకమైనా బయటికి రాకపోతే, తేలికైన ట్యాబ్ కొని మీరు చేసిందల్లా పాప వీపు మీద ఇంకో అర కిలో పెట్టడమే.

కాబట్టి ఏ స్కూలైనా "ట్యాబ్ కొనండి" అంటే వెంటనే అడగవలసిన ప్రశ్న ఒకటుంది: "దీనివల్ల ఏ పుస్తకాలు ఇంట్లో పెట్టి రావచ్చు?" జవాబు సూటిగా రాకపోతే ట్యాబ్‌ను బడికి పంపకండి. ఇది మా బడికీ వర్తిస్తుంది. మమ్మల్నీ అడగండి.

తేలిక ఒక్కటే సరిపోలేదు

పిల్లల చేతిలో పట్టే కంప్యూటర్ అన్న ఆలోచన పాతదే. అమెరికాలో అలన్ కే అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 1972లోనే 'డైనాబుక్' పేరుతో దాన్ని వర్ణించాడు. నోటుపుస్తకం సైజులో, 4 పౌండ్ల లోపు, అంటే సుమారు 1.8 కిలోల లోపు బరువుతో ఉండాలన్నాడు. ఇప్పటి లెక్కలో అది బరువే. కానీ దానితో పిల్లలు ఏం చేయాలని ఆయన కోరుకున్నాడో చూడండి. చదవాలి, రాయాలి, బొమ్మలు గీయాలి, సంగీతం కూర్చాలి, సొంతంగా ప్రోగ్రాములు రాయాలి. పిల్లలు కూర్చుని చూస్తూ ఉండిపోవడం ఆయన కోరిక కాదు.

మన దేశంలో 2011 అక్టోబర్ 5న ఢిల్లీలో 'ఆకాశ్' ట్యాబ్ విడుదలైంది. వాటిని బిగించింది మన హైదరాబాద్‌లోనే. 7 అంగుళాల తెర, 350 గ్రాముల బరువు. ప్రపంచంలోనే అతి చవక ట్యాబ్ అని పత్రికలన్నీ రాశాయి. తేలిక, చవక రెండూ సాధించారు. కానీ తెర మీద వేలు గట్టిగా నొక్కితే తప్ప పలకదు. బ్యాటరీ మహా అయితే మూడు గంటలు. ఉదయం బడికి వెళ్లిన విద్యార్థి మధ్యాహ్నం దాకా వాడుకునే వీలు లేదు. మరుసటి ఏడాది నవంబర్‌లో మెరుగైన తెరతో, వేగం పెంచి రెండో ఆకాశ్ తెచ్చారు. అప్పటికే మొదటిదానిపై జనం ఆశ సగం చల్లారింది.

పక్క రాష్ట్రం ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబర్‌లో ప్రభుత్వ బడుల ఎనిమిదో తరగతి పిల్లలకు, వారి టీచర్లకు కలిపి 5 లక్షలకు పైగా ట్యాబ్‌లు ఇచ్చారు. పాఠాలు మెమరీ కార్డులో ముందే నింపారు, నెట్ లేకపోయినా నడుస్తాయి. చదువుకు సంబంధం లేనివి తెరవకుండా తాళం వేసే సాఫ్ట్‌వేర్ పెట్టారు. ఆ పథకం మీద ఎవరి రాజకీయ అభిప్రాయం వారిది. ఎంత మేలు జరిగిందన్న చర్చా వేరు. మనం నేర్చుకోవలసింది ఆ వరుస: ఏ తరగతికి, ఏ పాఠాలకు, నెట్ ఉన్నా లేకున్నా ఎలా, ఏవి వద్దు అన్నవి ముందు తేల్చుకున్నారు. పరికరం ఆ తర్వాత వచ్చింది. మన ఇళ్లలో మాత్రం పరికరం ముందు వస్తుంది, పని కోసం తర్వాత వెతుకుతాం.

క్యాప్ ల్యాంప్ నేర్పే పాఠం

ఈ విషయం మన ప్రాంతంలో ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు. అండర్‌గ్రౌండ్ బాయికి వెళ్లే కార్మికుడి క్యాప్ ల్యాంప్‌ను తలచుకోండి. ఒకప్పుడు బరువైన బ్యాటరీని నడుముకు కట్టుకుని, వైరును టోపీ దాకా లాక్కునేవారు. తర్వాత తేలికైన ఎల్‌ఈడీ ల్యాంపులు వచ్చాయి. నడుముకు బరువు తగ్గినందుకు ఎవరైనా సంతోషిస్తారు. కానీ బాయి దిగే మనిషి దాన్ని నమ్మేది గ్రాములు చూసి కాదు. ఎనిమిది గంటల షిఫ్టు పూర్తయ్యేదాకా వెలుగు తగ్గకూడదు. దుమ్ముకు, చెమ్మకు ఆగాలి. చేసేది ఒకే పని అయినా దాన్ని తప్పకుండా చేయాలి.

ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. డ్యూటీ దిగే ముందు ల్యాంప్ రూమ్‌లో ల్యాంప్ తీసుకుంటారు, డ్యూటీ అయ్యాక అక్కడే అప్పగిస్తారు. చార్జింగ్ అక్కడే. ఎవరు తీసుకున్నారో, ఎవరు తిరిగి ఇచ్చారో లెక్క ఉంటుంది. ల్యాంపును ఇంటికి తెచ్చి దిండు కింద పెట్టుకుని పడుకునేవారు లేరు.

పిల్లల ట్యాబ్‌కు కూడా ఇంట్లో అలాంటి ల్యాంప్ రూమ్ ఒకటి కావాలి. హాల్లో టీవీ పక్కనో, వంటింటి గట్టు మీదో అందరి కళ్లకు కనిపించే ఒకే ఒక్క చోట చార్జర్ పెట్టండి. హోంవర్క్ వేళకు అక్కడి నుంచి తీసుకోవాలి, అయ్యాక అక్కడే పెట్టాలి. రాత్రి పడకగదిలోకి ట్యాబ్ వెళ్లకూడదు. ఈ నియమానికి పైసా ఖర్చు లేదు. పాస్‌వర్డులు, తాళాలు పెట్టినా పిల్లలు నాలుగు రోజుల్లో దారి కనిపెడతారు. ట్యాబ్ ఉండే చోటును మాత్రం దాచలేరు.

మన ఎండకు, మన అక్షరాలకు

దుకాణానికి వెళ్లాక చూడవలసినవి కూడా చెప్తాను.

మొదటిది వేడి. యాపిల్ కంపెనీ తన ఐప్యాడ్‌లను 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని చెప్తుంది. మే నెలలో రామగుండంలో 45 డిగ్రీలు ఎవరికీ వింత కాదు. బ్యాటరీలకు వేడి పడదు. ఎండలో నిలిపిన కారులో, రేకుల షెడ్డు కింద, దిండు మీద పెట్టి చార్జింగ్ చేస్తే ఎంత ఖరీదైన ట్యాబ్ అయినా తొందరగా పాడవుతుంది. వేసవి మధ్యాహ్నాలు ట్యాబ్‌కు సెలవు ఇవ్వండి.

రెండోది దుమ్ము. ఓపెన్‌కాస్ట్‌ల పక్కన ఉన్న కాలనీల్లో కిటికీ గట్టు మీద వేలితో గీస్తే నల్లటి గీత పడుతుంది. అదే దుమ్ము చార్జింగ్ పిన్ను లోపలికీ వెళ్తుంది. కొన్ని పరికరాల మీద ఐపీ 68, ఐపీ 52 అని అంకెలు ఉంటాయి. మొదటి అంకె దుమ్ముకు, రెండోది నీటికి. మొదటి అంకె 6 అయితే దుమ్ము లోపలికి పోదని అర్థం. అలాంటివి ఖరీదు ఎక్కువ. కొనలేకపోతే పోర్టుకు మూత ఉన్న కవర్ అడగండి.

మూడోది తెర. సైజు తగ్గితే బరువు తగ్గుతుంది, అక్షరమూ తగ్గుతుంది. ఏ4 కాగితాన్ని ఒక మూల నుంచి ఎదురు మూలకు కొలిస్తే 14 అంగుళాలు దాటుతుంది. ఆ పేజీని 8 అంగుళాల తెరలో ఇరికిస్తే ఇంగ్లీషు ఎలాగో చదవొచ్చు. తెలుగులో అక్షరం కింద ఒత్తు, పైన గుడి, కొమ్ము ఉంటాయి. అవన్నీ కలిసిపోయి పిల్లలు తెరను ముక్కు దగ్గరికి తెచ్చుకుంటారు. అందుకే దుకాణంలో సినిమా ట్రైలర్ పెట్టి చూపిస్తే ఒప్పుకోకండి. మన తెలుగు టెక్స్ట్‌బుక్ పీడీఎఫ్ ఒకటి తెరవమని చెప్పి, మీ పాపనే చదవమనండి. మోచేతి నుంచి వేలి కొసల దాకా ఉన్నంత దూరంలో పెట్టి చదవగలిగితే ఆ తెర సరిపోతుంది. ఇంటికి వచ్చాక 20 నిమిషాలకోసారి తల ఎత్తి, 20 అడుగుల దూరంలో ఉన్న చెట్టునో గోడనో 20 సెకన్లు చూడటం అలవాటు చేయండి.

నాలుగోది రిపేరు. తెర పగిలితే గోదావరిఖనిలోనే బాగు చేస్తారా, కరీంనగర్ వెళ్లాలా, హైదరాబాద్ పంపాలా? కొత్త తెర ఎంత? కొనేముందు అడిగి బిల్లు వెనక రాయించుకోండి. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఎన్నేళ్లు వస్తాయో కూడా అడగండి. ఏడాదిలో ఆగిపోయేది చవకగా వచ్చినా తీసుకోవద్దు.

ఎవరూ పైకి చెప్పని కోరిక

ట్యాబ్ నుంచి మనం కోరేది చదువు ఒక్కటే కాదని నిజాయితీగా ఒప్పుకుందాం. రెండు గదుల క్వార్టర్‌లో నైట్ షిఫ్టు చేసి వచ్చిన నాన్న పగలు నిద్రపోవాలి. పిల్లలు అల్లరి చేయకూడదు. అమ్మకు వంట, బట్టలు, పెద్దవారి మందులు. ఆ నాలుగు గంటలు ఇల్లు నిశ్శబ్దంగా ఉండాలంటే పిల్లల చేతికి ట్యాబ్, చెవులకు ఇయర్‌ఫోన్స్ ఇవ్వడమే దారిగా కనిపిస్తుంది. దీన్ని నేను తప్పుపట్టను. బాయిలో పనిచేసే మనిషికి నిద్ర తక్కువైతే ప్రమాదం ఎలాంటిదో ఇక్కడ ప్రతి ఇంటికీ తెలుసు.

కానీ ఆ కోరికను కూడా పనుల జాబితాలో రాయండి. రాస్తే దానికి తగిన ఏర్పాటు చేయొచ్చు. నెట్ ఆపేసి, ముందే నింపిపెట్టిన కథలు, పాటలు, బొమ్మలు గీసే యాప్ ఇవ్వొచ్చు. గంట తర్వాత కాగితం, రంగు పెన్సిళ్లు, క్యారంబోర్డు, పక్కింటి స్నేహితుడు. రాయకపోతే "చదువు కోసం కొన్నాం" అని మనకు మనమే చెప్పుకుంటూ, రోజుకు నాలుగు గంటల రీల్స్‌కు డబ్బు కట్టినవాళ్లమవుతాం.

తరగతిని బట్టి నా సలహా

ఐదో తరగతి లోపు పిల్లలకు సొంత ట్యాబ్ వద్దు. ఆ వయసులో చేతికి పెన్సిల్ పట్టు రావాలి, గుణింతం నోటికి రావాలి. స్కూళ్లలో ఎప్పుడో కంప్యూటర్లు తెచ్చిన స్వీడన్ కూడా 2023లో అచ్చు పుస్తకాల కోసం మళ్లీ నిధులు కేటాయించింది.

ఆరు, ఏడు తరగతులకు ఇంట్లో ఒక ట్యాబ్ చాలు. అది పిల్లది కాదు, ఇంటిది. అన్నాచెల్లెళ్లు పంచుకుంటారు. అమ్మ కూడా వాడుతుంది. అందరూ వాడే వస్తువులో దాచుకునేవి తక్కువ.

ఎనిమిది నుంచి పది వరకు, పాఠం మళ్లీ వినడానికి, ప్రయోగం వీడియో చూడటానికి, మాదిరి ప్రశ్నపత్రాలు చేయడానికి ట్యాబ్ పనికొస్తుంది. అయితే లెక్కలు, జవాబులు కాగితం మీదే రాయించండి. పబ్లిక్ పరీక్ష రాసేది పెన్నుతోనే.

పేరెంట్స్ మీటింగ్‌కు వచ్చేటప్పుడు ఒక చిన్న కాగితం తీసుకురండి. దాని మీద మూడు వరుసలు చాలు. ట్యాబ్ ఏ పనులకు? రోజుకు ఎంతసేపు? రాత్రి ఎక్కడ ఉంటుంది? పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని, వాళ్ల చేతనే రాయించండి. ఆ కాగితం చూస్తే మీ ఇంటికి ఏ ట్యాబ్ సరిపోతుందో క్లాస్ టీచర్ ఐదు నిమిషాల్లో చెప్పగలరు. కొన్ని ఇళ్లకు "ఈ ఏడు వద్దు, ఆ డబ్బు డిపాజిట్ చేయండి" అని కూడా చెప్తాం. లాభాల వాటా ఏడాది కష్టానికి వచ్చిన డబ్బు. ఖర్చు పెట్టే ముందు ఒక రోజు ఆగి ఆలోచించడం దానికి మనం ఇచ్చే మర్యాద.