వేదసాక్షి కథను మన మెట్లు వినవలెను?

ప్రతి సంవత్సరమును ఫిబ్రవరి 4వ తేదీన కథోలిక శ్రీసభ అర్చ్యశిష్ట జాన్ డి బ్రిట్టోగారి పండుగను జరుపును. వారి చరిత్రమును చెప్పినప్పుడెల్ల విద్యార్థులు మమ్ము ముందుగా అడుగు ప్రశ్న యొకటి కలదు: "ఆయనను చంపించిన రాజెవరు?" ఆ ప్రశ్న సహజమే. కాని దానికంటె ముందు అడుగవలసినది వేరొకటి కలదని మా యభిప్రాయము.

బ్రిట్టోగారు 1647వ సంవత్సరము మార్చి 1వ తేదీన పోర్చుగల్ రాజధానియగు లిస్బన్ నగరమున గొప్ప కుటుంబములో జన్మించిరి. బాల్యమున రాజకుమారుడగు పేద్రోతో కూడ రాజభవనమున మెలగిరి. 1662లో యేసుసభలో చేరి, 1673లో గురుపట్టము పొంది, ఆ యేటనే ఓడనెక్కి గోవాకు వచ్చిరి. పిమ్మట మధుర మిషనునకు పంపబడిరి. ఆ మిషనును 1606లో ప్రారంభించిన రాబర్ట్ డి నోబిలిగారు తమిళ సంస్కృతములతోపాటు మన తెలుగును గూడ నేర్చిన మహనీయులు. అప్పటి మధుర నాయకరాజులు తెలుగువారే గదా! బ్రిట్టోగారును ఆ మార్గముననే నడచి, కావివస్త్రము ధరించి, మాంసము విడిచి, పండారసామి వేషమున ఊరూర తిరిగిరి. తమిళులు వారిని అరుళానందరని పిలిచిరి.

1686లో మఱవ దేశమున వారిని పట్టి, హింసించి, తుదకు వెడలగొట్టిరి. మరుసటి యేడు సభాకార్యమునకై వారు లిస్బన్ చేరిరి. చిన్ననాటి స్నేహితుడగు పేద్రో అప్పటికి రాజు. వారిని తన యొద్దనే యుంచుకొన గోరెను. గౌరవము, సౌఖ్యము, బంధువులు అన్నియు నచ్చటనే యున్నవి. అయినను 1690లో వారు తిరిగి వచ్చిరి. ఏల వచ్చిరి? మనము మొదట అడుగవలసిన ప్రశ్న యిదియే. పల్లెలలో తమ బోధ విని కష్టములు పడుచున్నవారిని విడిచి తాము సుఖముగా నుండుటకు వారి మనస్సు ఒప్పుకొనలేదు. కత్తి వారి మెడపై పడినది 1693లో. ప్రాణమును సమర్పించినది మాత్రము తిరుగు ప్రయాణమునకు ఓడనెక్కిన నాడే యని మేము తలంచుచున్నాము.

ఇక రాజు సంగతి. తడియ తేవరను మఱవ దొర జ్ఞానస్నానము పొందగోరి, ఒక్క భార్యను మాత్రము ఉంచుకొని తక్కినవారిని విడిచెను. వారిలో నొకతె రామనాథపుర ప్రభువగు కిళవన్ సేతుపతికి దగ్గరి బంధువు. ఆమె మొరపెట్టుకొనగా 1693 జనవరి 8వ తేదీన బ్రిట్టోగారిని బంధించిరి. చెరలో వారు బొగ్గును నీట కలిపి సిరాగా చేసికొని తుదిలేఖలు వ్రాసిరి. ఫిబ్రవరి 4వ తేదీన ఓరియూరున వారి శిరస్సును ఖండించిరి. 1947 జూన్ 22వ తేదీన పన్నెండవ పయస్ పోపుగారు వారిని అర్చ్యశిష్టులుగా ప్రకటించిరి.

ఈ వృత్తాంతమున మతద్వేషము మాత్రమే గాక గృహకలహమును, రాజ్యాధికారమును కలసియున్నవి. విడువబడిన యా స్త్రీ దుఃఖమును నిజమైనదే. ఆమెను రాక్షసిగా చిత్రించుట న్యాయము కాదు. ఒక ప్రభువు చేసిన పనికి ఒక మతమువారి నందరిని నిందించుట అంతకంటె అన్యాయము. నేడు ఓరియూరునకు హిందువులును యాత్రకు వచ్చుచున్నారు.

మన చిల్కూరున హుండీ లేని బాలాజీ ఆలయమునకు నిత్యము జనులు వచ్చుచుందురు. ఆ దేవుని గొలుచు ఇండ్ల పిల్లలును, మన పిల్లలును ఒక్క బల్లమీదనే కూర్చుండి చదువుకొనవలసినవారు. పొరుగువానిపై కోపము పుట్టించునట్లు ఈ కథను చెప్పినచో, కథ చెప్పినవారమగుదుమే గాని బ్రిట్టోగారిని గౌరవించినవారము కాము.

బాలబాలికలారా! మనలో నెవ్వరికిని కత్తి యెదురు కాకపోవచ్చును. కాని సుఖమైన త్రోవ తెరచియుండగా, మనలను నమ్మినవారి యొద్దకు తిరిగి పోవలయునా యను ప్రశ్న అందరికిని ఎదురగును. హైదరాబాదున చదివి, కొలువు దొరకగల సామర్థ్యముండియు, తన పల్లెబడికే మరలివచ్చు ఉపాధ్యాయుడు ఆ ప్రశ్నకు ప్రత్యుత్తరమిచ్చినవాడే. తలిదండ్రులారా! మీ పిల్లలు అట్టి దినమున ఇల్లు చేరినచో, "ఏల వచ్చితివి?" అని గద్దింపక, వారిని ఆదరింపుడని మా మనవి.